అన్నం నంచుకుని పప్పు తినండి: బేరియాట్రిక్ సర్జరీ తర్వాత చిన్న భోజనానికి అలవాటు పడటం ఎలా?

బరువు తగ్గడానికి చేసే సర్జరీతో పొట్ట ఒక్క పూటలో చిన్నదైపోతుంది. చేతి అలవాటు, కంచం సైజు, వడ్డించేవాళ్ళ ప్రేమ మాత్రం పాతవే. మొదటి ఆరు నెలలు పడే ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. మాది మదనపల్లె. బెంగళూరులో స్థిరపడి ఇక్కడే స్లీవ్ అనే రకం సర్జరీ చేయించుకున్నాను. అందుకే మన ఇళ్ళల్లో వండే తిండితో, ఈ ఊళ్ళో బయట దొరికే తిండితో ఎలా సర్దుకోవాలో చెబుతాను. ఒక మాట ముందే చెప్పాలి. మీ సర్జన్, డైటీషియన్ ఇచ్చిన కాగితంలోని వారాలు, కొలతలు నేను చెప్పేవాటికి తేడాగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి. ఆస్పత్రిని బట్టి పద్ధతి మారుతుంది. మీ షుగర్, బీపీ చూసి వాళ్ళు ప్రత్యేకంగా ఏదైనా మార్చి ఉండొచ్చు కూడా.

లోపల ఏం మారింది

స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. మొదట్లో అందులో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడితే గొప్ప. ఆపరేషన్ వాపు ఉన్నన్నాళ్ళు అంత కూడా పట్టదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు.

గ్యాస్ట్రిక్ బైపాస్ వేరు. పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది పేగులో కొంత భాగాన్ని దాటేసి వెళ్తుంది కాబట్టి ఐరన్, కాల్షియం, బి12 ఒంటికి తక్కువ పడతాయి. బైపాస్ అనగానే ఊళ్ళో బంధువులు గుండె ఆపరేషన్ అనుకుని కంగారు పడతారు, పొట్టకి చేసింది అని ముందే చెప్పేయండి.

మొదటి పని: ఇంటికి రాకముందే వంటిల్లు సర్దించండి

ఆస్పత్రిలో ఉండగానే ఇంట్లోవాళ్ళ చేత ఇవి సిద్ధం చేయించండి. దగ్గుమందు సీసా మీద వచ్చే, గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పు. పచ్చళ్ళకి వాడే చిన్న స్టీలు గిన్నెలు రెండు మూడు. టీస్పూన్లు. మిల్లీలీటర్ల గీతలున్న అరలీటరు నీళ్ళ సీసా. మిక్సీ చిన్న జార్. గ్రాములు చూపించే వంటింటి త్రాసు ఉంటే ఇంకా మంచిది. మీ పాత కంచాన్ని కొన్నాళ్ళు పై అరలో పెట్టేయండి. పెద్ద కంచంలో నాలుగు చెంచాల పప్పు చూస్తే తినేవాళ్ళకీ దిగులే, పెట్టేవాళ్ళకీ దిగులే. అదే పప్పు చిన్న గిన్నెలో నిండుగా కనిపిస్తుంది.

ఒంటరిగా ఉండేవాళ్ళకి ఐస్ ట్రే బాగా పనికొస్తుంది. ఉప్పు, పసుపు వేసి మెత్తగా ఉడికించిన పెసరపప్పుని మిక్సీలో తిప్పి ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పూటకి రెండు ముక్కలు తీసి వేడి చేసుకుంటే చాలు.

మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీలో ఉంటున్నవాళ్ళకి నా సలహా ఒకటే. మొదటి నెల పీజీలో గడపకండి. అక్కడ మిక్సీ ఉండదు, మెస్‌లో కారం తగ్గించమంటే వినేవాళ్ళుండరు, రాత్రిపూట ఏదైనా తేడా చేస్తే పక్కన మనిషి ఉండరు. అమ్మనో అక్కనో పిలిపించుకుని చిన్న రూమ్ తీసుకోండి. లేదా చెకప్‌కి వచ్చి వెళ్ళడానికి వీలైనంత దగ్గరలో ఉన్న బంధువుల ఇంట్లో ఉండండి.

మొదటి రెండు వారాలు: గుక్క కాదు, చప్పరింపు

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, వడగట్టిన పల్చటి ద్రవాలు మాత్రమే ఇస్తారు. తర్వాత రెండో వారం చివరిదాకా కొంచెం చిక్కటివి. కప్పులో 30 మిల్లీలీటర్లు పోసుకుని పది పదిహేను నిమిషాలు చప్పరించండి. అది అయ్యాక మళ్ళీ ఇంకో 30. పొద్దుట లేచినప్పటి నుంచి పడుకునేదాకా పని ఇదే. స్ట్రా వాడకండి, గాలి లోపలికి పోయి పొట్ట పట్టేస్తుంది. సోడా, కూల్‌డ్రింకుల జోలికి అసలు పోవద్దు.

ఈ దశలో మన ఇళ్ళల్లో ఒక పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. నీరసంగా ఉన్న మనిషికి మనవాళ్ళు ఇచ్చేవన్నీ గంజి, రాగి జావ, బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, సగ్గుబియ్యం. ఇవన్నీ గొంతులోంచి హాయిగా దిగుతాయి కానీ వీటిలో ప్రొటీన్ ఉండీ లేనట్టే. సర్జరీ తర్వాత మనిషికి రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి, చాలామందికి 60 నుంచి 80 చెబుతారు. అది అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కాబట్టి జావ ఇవ్వొచ్చు కానీ దానికంటే ముందు వెన్న తీసిన పాలల్లో కలిపిన వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి), వడగట్టిన చికెన్ సూప్, చిక్కటి పప్పు కట్టు, మజ్జిగ పడాలి. వే పొడి కొనేటప్పుడు డబ్బా వెనక చక్కెర ఎంతుందో చూడండి. తీపి వాసనకే కడుపులో తిప్పితే ఏ రుచీ కలపని రకం తీసుకుని చప్పటి సూప్‌లో కలుపుకోండి. సూప్ గోరువెచ్చగా ఉండాలి, మరుగుతున్న దాంట్లో వేస్తే ఉండలు కడుతుంది.

మిరియాలు ఎక్కువ వేసిన చారు, నిమ్మకాయ పిండిన పులుపు నీళ్ళు ఇప్పుడొద్దు. తేటగా తీసిన చప్పటి చారు పర్వాలేదు.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా: మిక్సీ, తర్వాత చెంచా

మూడో, నాలుగో వారాల్లో మిక్సీలో తిప్పినవే. మెత్తటి పప్పు, పాలు పోసి తిప్పిన పనీర్, నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు, బాగా మెత్తగా పొరటిన గుడ్డు, ముల్లు తీసి చిదిపిన చేప. పూటకి రెండు నుంచి నాలుగు టేబుల్ స్పూన్లు. అంతకంటే పట్టదు, పట్టించనూ వద్దు. ఐదో, ఆరో వారాల్లో మిక్సీ అక్కర్లేదు, చెంచాతో నొక్కితే నలిగిపోయేవి తినొచ్చు. ఉడికించిన గుడ్డు, ఆవిరి మీద ఉడికిన చేప, కీమా, సొరకాయ, బీరకాయ, మెత్తటి ఇడ్లీలో సగం.

కొత్త పదార్థం ఏదైనా ఒక్కోసారి ఒక్కటే మొదలుపెట్టండి. గుడ్డు, పనీర్ ఒకే పూట కొత్తగా తిని వాంతి అయితే ఏది పడలేదో తెలియదు. ఈ వారం పడని పదార్థాన్ని శాశ్వతంగా వదిలేయనక్కర్లేదు, రెండు వారాలాగి మళ్ళీ చూడండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, వేపుళ్ళు, పచ్చి ఉల్లిపాయ రెండు మూడు నెలల తర్వాతి సంగతి.

రెండో నెల దాటాక: అసలు భోజనం

ఇక్కడ తొందరపడకుండా చదవండి. ద్రవాల రోజులు అందరూ జాగ్రత్తగానే గడిపేస్తారు. మామూలు తిండి మొదలయ్యాకే చిక్కులన్నీ.

మన భోజనంలో అన్నమే రాజు. పప్పన్నం, కూరన్నం, చారన్నం, చివర్లో పెరుగన్నం. ప్రతి వంతులోనూ అన్నమే ఎక్కువ, మిగతావి కలుపుకోవడానికీ నంచుకోవడానికీ. చిన్న పొట్టలో ఈ వరస సాగదు. పప్పన్నం రెండు ముద్దలకే పొట్ట నిండిపోతుంది, లోపలికి వెళ్ళింది చాలావరకు పిండిపదార్థమే. అందుకని వరస తిరగేయండి. ముందు గుడ్డో చేపో చికెనో పనీరో. తర్వాత గట్టి పప్పు, ఉత్తదే, చెంచాతో. ఆ తర్వాత మెత్తటి కూర. ఇంకా చోటుంటే రెండు చెంచాల అన్నం, అది కూడా పప్పుకి నంచుకున్నట్టుగా. పెరుగన్నం లేకుండా లేస్తే భోజనం అయినట్టు అనిపించకపోతే చివర్లో రెండు చెంచాల గట్టి పెరుగు, చిటికెడు ఉప్పు వేసుకుని తినండి. చాలామందికి ఆ వెలితి అంతటితో తీరిపోతుంది.

అన్నం పిసికి ముద్ద కట్టొద్దు. పిసికిన అన్నం బంకలా తయారై గొట్టం మొదట్లో పట్టేస్తుంది. మెత్తటి బ్రెడ్డు, బన్ను కూడా అంతే. మా రాయలసీమవాళ్ళకి, ఇక్కడి కన్నడిగులకి ప్రాణమైన సంగటి విషయంలో మరీ జాగ్రత్త. సంగటిని నమలరు, వేళ్ళతో జారించి మింగుతారు. కొత్తగా సర్జరీ అయిన పొట్టకి ఆ మింగుడు పనికిరాదు. రాగుల మీద మనసు పోతే పల్చటి రాగి దోశ చిన్నది వేయించుకుని బాగా నమిలి తినండి.

ముద్ద పరిమాణం చిటికెన వేలి గోరంత ఉండాలి. ఇరవై, పాతిక సార్లు నమలాలి, నోట్లో జావలా అయ్యాకే మింగాలి. మింగాక చెంచా కింద పెట్టండి. ఒక నిమిషం ఆగి ఇంకో ముద్ద. చేత్తో తినడం అలవాటైనవాళ్ళు మొదటి నెలల్లో టీస్పూన్‌కి మారడం మంచిది, చేతికి పాత వేగం గుర్తుంటుంది. టీవీ, ఫోన్ పక్కన పెట్టండి. కళ్ళు తెర మీద ఉంటే పొట్ట చెప్పేది వినపడదు.

పొట్ట ఏం చెబుతుందో తెలుసుకోవడం ఇందులో కీలకం. మనకి తెలిసిన కడుపు నిండడం అంటే బెల్టు బిగుసుకోవడం, త్రేన్పు రావడం. ఇప్పుడు అంతదాకా పోకూడదు. రొమ్ము ఎముక కింద కొంచెం బిగువుగా అనిపించడం మొదటి గుర్తు. కొందరికి ఒక ఎక్కిలి వస్తుంది, కొందరికి తుమ్ము, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి పెద్ద నిట్టూర్పు. ఎవరి గుర్తు వాళ్ళకి ఉంటుంది. వారం రోజులు గమనిస్తే మీది మీకు దొరుకుతుంది. "ఇంకొక్క ముద్ద పడుతుందిలే" అనిపించిన చోటే ఆపేయండి. ఆ ఒక్క ముద్ద పడితే గుండెల మీద రాయి పెట్టినట్టు నొప్పి, నోట్లో నురగలాంటి జిగురు నీళ్ళు, ఆఖరికి వాంతి. వాంతి అయితే ఆ పూటకి తిండి మానేసి, గంట రెండు గంటలు ఆగి, కొంచెం కొంచెం నీళ్ళతో మొదలుపెట్టండి.

భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పెట్టుకోండి. అరగంట దాటాక గిన్నెలో మిగిలితే మిగలనివ్వండి, మూత పెట్టి లేవండి. అన్నం పారేస్తే పాపమని పెరిగినవాళ్ళం కాబట్టి ఇది మనసుకి కష్టంగా ఉంటుంది. వడ్డించుకునేటప్పుడే తగ్గిస్తే ఆ బాధ లేదు.

ఇక నీళ్ళు. తింటూ నీళ్ళు తాగొద్దు. తిన్న తర్వాత అరగంట దాకా తాగొద్దు. తినడానికి పావుగంట ముందే ఆపేయండి. నీళ్ళతో కలిపితే పొట్ట తొందరగా నిండి తిండి తగ్గుతుంది, లేదా తిన్నది జారిపోయి కాసేపటికే మళ్ళీ తినాలనిపిస్తుంది. మన చారు, మజ్జిగ, పులుసు కూడా ఈ లెక్కలో నీళ్ళే. చారు ఇష్టమైతే భోజనం అయిన గంటకి చిన్న గ్లాసులో పోసుకుని సూప్‌లా తాగండి.

రోజులో ప్రొటీన్ ఎలా కూడుతుంది

మూడో నెలలో ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున్నే ఉడికిన గుడ్డు ఒకటి, 6 గ్రాములు. పదింటికి ఒక స్కూప్ వే పొడి నీళ్ళల్లో, డబ్బా మీద రాసినదాన్ని బట్టి 20 నుంచి 25 గ్రాములు. మధ్యాహ్నం 50 గ్రాముల మెత్తటి చికెన్, దాదాపు 14 గ్రాములు, చిన్న గిన్నెలో గట్టి పప్పు, ఓ 5 గ్రాములు. సాయంత్రం 150 మిల్లీలీటర్ల పాలు, 5 గ్రాములు. రాత్రి 50 గ్రాముల పనీర్, 9 గ్రాములు, కాస్త పెరుగు. మొత్తం 60 దాటుతుంది.

శాకాహారులకి కొంచెం ప్లానింగ్ కావాలి. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే, 20 గ్రాములు ఉడికించి మెత్తగా తరిగి కూర చేస్తే 10 గ్రాములు వస్తుంది. పెసరట్టు మంచిదే కానీ నూనె తక్కువ వేసి, చిన్నది, ఉప్మా లేకుండా. ఇడ్లీ తేలిగ్గా పడుతుంది కదా అని పూటపూటా అదే తినకండి, ఒక ఇడ్లీలో ఉండేది రెండు గ్రాముల చొప్పునే. బెంగళూరులో వీధికొక నందిని పాల బూత్ ఉంటుంది. పాలు, పెరుగు, మజ్జిగ ప్యాకెట్లు పొద్దున్నే దొరుకుతాయి, పెద్ద బూత్‌లలో పనీర్ కూడా ఉంటుంది. ఇక్కడి పెసరపప్పు కోసంబరి అంటే మన వడపప్పే. మూడో నెల దాటాక, బాగా నానబెట్టి, బాగా నమిలి తినగలిగితే మంచి చిరుతిండి.

నీళ్ళు రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు. ఈ ఊరి చల్లదనానికి దాహమే వేయదు, ఏసీ ఆఫీసులో అసలు గుర్తుండదు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మూత్రం ముదురు పసుపులో వస్తే, లేచి నిలబడితే కళ్ళు తిరిగితే నీళ్ళు చాలడం లేదని అర్థం. మలబద్ధకం కూడా చాలామందికి నీళ్ళు తగ్గడం వల్లే వస్తుంది.

బయట తినాల్సి వస్తే

దర్శిని హోటళ్ళలో నిలబడి ఐదు నిమిషాల్లో తినేసి వెళ్ళడం ఈ ఊరి పద్ధతి. చుట్టూ అందరూ గబగబా తింటుంటే మన నోరు కూడా అదే వేగం అందుకుంటుంది. పార్శిల్ కట్టించుకుని ఆఫీసులో కూర్చుని తినండి, లేదా కుర్చీలున్న హోటల్ చూసుకోండి. కాఫీ, సూప్ "బై టు" (ఒకటే ఇద్దరికి పంచి ఇమ్మని) చెప్పడం ఇక్కడ మామూలే, ఎవరూ వింతగా చూడరు. ఆ అలవాటు మనకి వరం. ఫిల్టర్ కాఫీ సర్జన్ ఒప్పుకున్నాకే, తక్కువ చక్కెరతో, భోజనానికి దూరంగా.

ఆంధ్రా మెస్‌లో మీల్స్ తీసుకోకండి. అన్‌లిమిటెడ్ అని బోర్డు చూశాక, డబ్బులిచ్చాక, తినకుండా లేవడం ఎవరికైనా కష్టమే. ఆమ్లెట్, పప్పు, గ్రేవీ ఉన్న చికెన్ లేదా చేప విడిగా చెప్పండి. చికెన్ వేపుడు, కబాబ్ లాంటి పొడి ముక్కలు గొంతు కింద పట్టేస్తాయి. ముక్క మెత్తగా, తడిగా ఉండాలి. నలుగురితో వెళ్తే వేరే ఆర్డర్ అక్కర్లేదు, వాళ్ళ గిన్నెల్లోంచి రెండు మూడు చెంచాలు చిన్న ప్లేటులో పెట్టుకోండి.

అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో కూర్చుని తినకండి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కడుపులో తిప్పితే దిగడానికి కూడా దారి ఉండదు. ఆకలేస్తుందనుకుంటే బయల్దేరే ముందే తినేయండి, బ్యాగులో షేకర్‌లో వే పొడి వేసి ఉంచుకోండి.

ఇంట్లోవాళ్ళతో, పెళ్ళిళ్ళలో

"ఏం తిన్నావు నాయనా, పిట్ట మాదిరి" అంటుంది అమ్మ. కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకుంటుంది. ఆమెతో వాదించకండి, ఆమెకో పని అప్పజెప్పండి. త్రాసు మీద 50 గ్రాముల పనీర్ తూచి పెట్టమనండి, పొద్దుట నుంచి ఎన్ని గ్రాముల ప్రొటీన్ అయిందో లెక్క రాయమనండి. తినిపించాలన్న ఆమె ఆశ అలా తీరుతుంది, మీ పొట్టా బాగుంటుంది. వీలైతే డైటీషియన్ దగ్గరికి ఆమెనీ తీసుకెళ్ళండి. వండేవాళ్ళు ఆ మాటలు నేరుగా విన్న ఇంట్లో గొడవలు తక్కువ.

సర్జరీ సంగతి అందరికీ చెప్పాలని లేదు. "డాక్టర్ కొంచెం కొంచెం తినమన్నారు అత్తయ్యా" అంటే చాలు, అది నిజమే కూడా. ఊళ్ళో పెళ్ళికి వెళ్తే బంతిలో కూర్చోకండి, వడ్డించేవాళ్ళ చెయ్యి ఆగదు. ముందే గుడ్డో వే ప్రొటీనో తీసుకుని వెళ్ళి, బఫే ఉంటే చిన్న ప్లేటుతో ఒక పక్కన కూర్చోండి.

పెళ్ళి స్వీట్ల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. బైపాస్ అయినవాళ్ళకి ఎక్కువగా, స్లీవ్ అయినవాళ్ళలో కొందరికి, తీపి తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనాలు మొదలవుతాయి. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగిపోవడం వల్ల వస్తుంది. కాసేపు పడుకుంటే తగ్గుతుంది. ఇంకో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది, అప్పుడు రక్తంలో షుగర్ పడిపోయి వణుకు, కళ్ళు చీకట్లు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచుకోండి. 70 కంటే తగ్గితే కొద్దిగా గ్లూకోజ్ తీసుకుని, నిలదొక్కుకున్నాక కొంచెం ప్రొటీన్ తినండి. డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మాత్రలు జీవితాంతం

ఇంత తక్కువ తిండిలో విటమిన్లన్నీ దొరకవు. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి రాసిస్తారు. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. సిట్రేట్ రకం తేలిగ్గా ఒంటికి పడుతుంది. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ వేసుకున్నప్పుడు కాఫీ, టీ వద్దు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు బాగా ఊడుతుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు అది మామూలే, సాధారణంగా మళ్ళీ వస్తుంది. షాంపూలు మార్చేకంటే ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందుతున్నాయో చూసుకోండి.

షుగర్, బీపీ మందుల డోసు సర్జరీ తర్వాత త్వరగా తగ్గించాల్సి వస్తుంది. పాత చీటీ ప్రకారం వేసుకుంటూ పోకండి, సొంతంగా మానేయకండి కూడా. ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో బ్రూఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కొనుక్కోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళకి పుండ్లు పడే ప్రమాదం ఉంది. సిగరెట్‌తో కూడా అదే ప్రమాదం. మద్యం ఇంతకుముందుకంటే చాలా త్వరగా ఎక్కుతుంది, వీకెండ్ పార్టీల్లో ఈ సంగతి మర్చిపోవద్దు. ఆడవాళ్ళు 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఆరో నెల తర్వాత: చిరుతిళ్ళ దారి

ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది, పొట్ట కూడా కొంచెం ఎక్కువ పట్టనిస్తుంది. సర్జరీ చెడిపోయిందని టెన్షన్ పడొద్దు. చూసుకోవాల్సింది చిరుతిళ్ళని. మిక్చర్, కారప్పూస, బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీమ్ లాంటివి నోట్లోనే కరిగి జారిపోతాయి. చికెన్ నాలుగు ముక్కలకే ఆపేసే పొట్ట కారప్పూసని డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆపదు. బరువు మళ్ళీ పెరిగినవాళ్ళలో చాలామంది ఇలా రోజంతా కొద్దికొద్దిగా నములుతూ ఉన్నవాళ్ళే. ఊరి నుంచి వచ్చిన చెగోడీల డబ్బా టేబుల్ మీద ఉండకూడదు. మూడు పూటలు, మధ్యలో ఒకటి రెండు సార్లు ప్రొటీన్, మిగతా వేళల్లో నోరు మూసి ఉండాలి.

ఇంకో విషయం ఎవరూ ముందు చెప్పరు. కష్టమొచ్చినా, సంతోషమొచ్చినా తిండితో గడిపిన మనిషికి ఆ తోడు ఒక్కసారిగా పోతుంది. కొందరికి చిరాకు, ఏడుపు, ఏమీ తోచకపోవడం ఉంటుంది. అది బలహీనత కాదు. డైటీషియన్‌కి చెప్పినట్టే ఈ సంగతి కూడా చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. సాయంత్రం తినే వేళకి ఇంకో పని పెట్టుకోండి, నేనైతే లాల్‌బాగ్‌లో నడుస్తాను.

ఇవి కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి

మొదటి వారాల్లో జ్వరం, నిమిషానికి 120 దాటిన నాడి, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం ఉంటే కుట్టు దగ్గర లీక్ అయి ఉండొచ్చు. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. నీళ్ళు కూడా ఆగకుండా ఒక రోజంతా వాంతులైతే ఇంట్లో ఓఆర్‌ఎస్ తాగుతూ కూర్చోకండి. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ అడుగంటి, చూపు మసకబారడం, నడక తూలడం, అయోమయం వస్తాయి. అది నరాలకి శాశ్వతంగా నష్టం చేయగలదు. సెలైన్ ఎక్కించేటప్పుడు బి1 కూడా ఇవ్వాలని సర్జరీ సంగతి అక్కడి డాక్టర్‌కి ముందే చెప్పండి. కుడి పక్కటెముకల కింద తిన్నాక నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూపించుకోండి. బరువు వేగంగా తగ్గేటప్పుడు అవి ఏర్పడుతుంటాయి.

రక్త పరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళినా, ఊరికి తిరిగి వెళ్ళినా డిశ్చార్జ్ కాగితం, పరీక్షల రిపోర్టులు ఒకే ఫైల్‌లో పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటోలు కూడా తీసి ఉంచండి. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా సరే, నొప్పి మాత్ర రాసేలోపే ఏ సర్జరీ అయిందో, ఎప్పుడయిందో చెప్పండి.